లాంజరోటేలో విల్లా: ముందు ఏది కట్టాలి?

ప్రశ్న: మేం ఇంగ్లాండ్‌లో ఉంటాం. మా వారు, నేను, పదేళ్ల పాప, ఏడేళ్ల బాబు. మా అత్తమామలు జూన్ చివర ఇండియా నుంచి వచ్చి నవంబర్ దాకా మాతోనే ఉంటారు. అందరివీ భారత పాస్‌పోర్టులే. ఆగస్టు మొదటి వారంలో ఆరుగురం కలిసి లాంజరోటే దీవికి వెళ్లి, ఈత కొలను ఉన్న విల్లాలో వారం గడపాలని ఉంది. విల్లా అద్దె 1,900 పౌండ్లు, విమానాలకు 1,500, అక్కడి ఖర్చులకు 600, మొత్తం 4,000 అని లెక్క వేసుకున్నాం. అదే విల్లా అక్టోబర్ చివర బడి సెలవుల వారంలో 1,450కే వస్తోంది, విమానాలు 1,250. సెలవుల కోసం దాచినది 1,600. ఈ ఫిబ్రవరి నుంచి నెలకు 350 పక్కన పెట్టగలం. అత్యవసర నిధి 6,000 ఉంది. తక్కువ పడితే అందులోంచి తీయాలా, సున్నా వడ్డీ క్రెడిట్ కార్డు మీద పెట్టాలా? జూలై మొదట్లో పిల్లలను వారం బడి మాన్పిస్తే ఇంకా చవక, జరిమానా 80 పౌండ్లే కదా అంటారు మా వారు. వచ్చే ఏడాది మా వర్క్ వీసా పొడిగించుకోవాలి. ఆ ఖర్చు కంపెనీ భరిస్తుందో లేదో ఇంకా తెలియదు.

జవాబు: ముందు మీ వారి 80 పౌండ్ల సంగతి తేల్చేద్దాం. ఇంగ్లాండ్‌లో ఆ జరిమానా ఒక్కో బిడ్డకు, ఒక్కో తల్లికీ తండ్రికీ విడివిడిగా వేస్తారు. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు అంటే నాలుగు 80లు, 320 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే అది రెట్టింపై 640 అవుతుంది. అదే బిడ్డ విషయంలో మూడేళ్లలోపు రెండోసారి దొరికితే మొదటి రోజు నుంచే 160. జూలైలో మిగులుతుందనుకున్న డబ్బులో చాలా భాగం ఇక్కడే పోతుంది. పైగా మీ పాపకు ఇది ప్రైమరీ బడిలో చివరి మెట్టుకు దగ్గర పడుతున్న వయసు. ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఇక మీ 4,000. అందులో రాయని ఖర్చులే నన్ను ఎక్కువ ఆపాయి. లాంజరోటే స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో ఒకటి, కాబట్టి మీ ఆరుగురికీ షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా కావాలి. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. మీ ఇంటి లెక్క 450 యూరోలు. వీసా కేంద్రాల రుసుములు కలిపి 480 పౌండ్లు రాసుకోండి. ఆరుగురికి మామూలు కారు చాలదు, ఏడు సీట్లది కావాలి. దానికి ప్రమాదంలో మన వాటా సొమ్మును కవర్ చేసే బీమా, 135 సెంటీమీటర్ల ఎత్తు దాటని పిల్లలకు తప్పనిసరి అయిన సీట్లు కలిపి 400 వేస్తున్నాను. చవక విమానాల్లో పెట్టెలకు విడిగా 200. అత్తమామల వయసుకు, బీపీ, షుగర్ లాంటివి దాచకుండా చెప్పి తీసుకునే ప్రయాణ బీమాకు 150. చూడదగ్గ చోట్ల టికెట్లకు 150. ఇవన్నీ 1,380. ఆగస్టు ప్రయాణం 4,000 కాదు, 5,380.

డబ్బు పరంగా చూసినా, దీవి స్వభావం చూసినా నేను అక్టోబర్ వైపే. ఆగస్టులో అక్కడ ఎండతో పాటు ఈశాన్య వ్యాపార పవనాలు బాగా జోరు మీద ఉంటాయి. 1730 నుంచి 1736 దాకా ఆరేళ్లు పేలిన అగ్నిపర్వతాలు ఆ దీవిలో పెద్ద భాగాన్ని లావాతో, బూడిదతో కప్పేశాయి. లా హేరియా ప్రాంతంలో రైతులు ఆ నల్లటి బూడిదలో గోతులు తీసి, ఒక్కో గోతిలో ఒక్కో ద్రాక్ష మొక్క నాటి, గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో రాళ్ల గోడ పేర్చుకుంటారు. ద్రాక్ష తీగకే గోడ కావలసిన చోట, గాలికి ఎదురుగా ఉన్న కొలను గట్టు మీద మీ మామగారు పేపరు చదువుకోగలరా? విల్లాల ప్రకటనల్లో సముద్రం కనిపించే మేడకు అదనంగా వసూలు చేస్తారు. నేనైతే ఆ అదనం కట్టను. చుట్టూ గోడ ఉండి, గాలి తగలని పెరడు ఉన్న ఇల్లు తీసుకుంటాను. అక్టోబర్‌లో గాలి ఆగస్టు అంత జోరుగా ఉండదు, సముద్రపు నీరు ఏడాదిలోకెల్లా వెచ్చగా ఉండే రోజులు కూడా అవే. కొలను నీరు వేడి చేయడానికి అక్కడ విడిగా వసూలు చేయడం మామూలే. జనవరిలో అయితే ఆ డబ్బు తప్పదు, అక్టోబర్ చివర చాలామంది అది లేకుండానే ఈదుతారు. బుక్ చేసే ముందు యజమానిని ఆ రేటు అడిగి ఉంచుకోండి.

అక్టోబర్ లెక్క ఇది: విల్లా 1,450, విమానాలు 1,250, ఖర్చులు 600, పైన చెప్పిన 1,380. మొత్తం 4,680. ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా తొమ్మిది నెలలు 350 చొప్పున 3,150, చేతిలో ఉన్న 1,600తో కలిపి 4,750. అప్పు అక్కర్లేదు, అత్యవసర నిధి జోలికీ పోనక్కర్లేదు. మిగిలేది 70 పౌండ్లే, అది నాకు సుఖంగా లేదు. కొంచెం వెసులుబాటు కావాలంటే కారు దగ్గర కోయండి. విమానాశ్రయం నుంచి ప్వెర్తో దెల్ కార్మెన్ అనే ఊరికి పావుగంట ప్రయాణం కూడా పట్టదు. దుకాణాలకు నడిచి వెళ్లగల చోట విల్లా తీసుకుంటే రానుపోను టాక్సీ, మధ్యలో మూడు రోజులు మాత్రమే కారు సరిపోతుంది. ఏడు సీట్ల కారులో వెనక వరుస వేస్తే పెట్టెలకు చోటు ఉండదు కాబట్టి విమానాశ్రయానికి ఎలాగూ టాక్సీయే నయం. ప్లాయా బ్లాంకా అందమైన ఊరే, పపగాయో తీరాలు దాని పక్కనే. కానీ అక్కడ ఉంటే ప్రతి విహారానికీ కారు తీయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ 4,680 ఏ వరుసలో మీ ఖాతాలోంచి బయటికి పోతుందన్నదే మీకున్న పెద్ద చిక్కు. మీలాంటి కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: చవకగా కనిపించిందని తిరిగి రాని టికెట్లు ముందు కొనేస్తారు, తర్వాత వీసా అపాయింట్‌మెంట్ దొరకదు. వీసా రాకపోతే చాలా బీమా పాలసీలు పైసా ఇవ్వవు.

కాబట్టి వరుస తిప్పండి. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. అక్టోబర్ చివరి ప్రయాణానికి ఏప్రిల్ చివర తలుపు తెరుచుకుంటుంది. మీ నలుగురూ ఇంగ్లాండ్‌లో, అత్తమామలు ఇండియాలో దరఖాస్తు పెట్టాలి. వాళ్లు సందర్శకులుగా వచ్చాక ఇక్కడ పెట్టుకోవచ్చులే అనుకోవద్దు, స్థిరనివాసం ఉన్న దేశంలో పెట్టుకోవాలన్నదే మూల నియమం. వాళ్ల ముందు రెండు వీసాలు ఉన్నాయి. బ్రిటన్ సందర్శక వీసా ముందు ముగించుకుని, పాస్‌పోర్టు చేతికి రాగానే స్పెయిన్‌కు పెట్టాలి. షెంగెన్ నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా లాగుతారు. జూన్ చివర విమానం ఎక్కాలంటే ఏప్రిల్ చివరి రోజుల్లోనే పని మొదలు కావాలి. మీరు మొదట అనుకున్న ఆగస్టు ప్రయాణానికైతే ఫిబ్రవరిలోనే ఈ పరుగంతా పెట్టాల్సి వచ్చేది.

ఈలోగా విల్లాకు రద్దు చేసుకోగల బుకింగ్ మాత్రమే తీసుకోండి. 30 శాతం అడ్వాన్స్ అయితే 435 పౌండ్లు. వీసా దరఖాస్తుకు బస రుజువుగా అదే పనికొస్తుంది, విమానాలకు రిజర్వేషన్ చూపిస్తే చాలు. వీసాలు వచ్చాక జూన్‌లో టికెట్లు కొనండి. ప్రయాణ బీమా మాత్రం వీసా దరఖాస్తుతోనే చూపించాలి కాబట్టి అప్పుడే తీసుకోండి. బయల్దేరే వారంలో బీమా కొనేవాళ్లు, ముందే ఎవరికైనా జబ్బు చేసి ప్రయాణం రద్దయితే వచ్చే పరిహారాన్ని చేతులారా వదులుకుంటున్నట్టే. జూన్‌కు మీ చేతిలో 3,350 చేరి, అందులో అడ్వాన్స్, వీసాలు, బీమా పోను 2,285 ఉంటుంది. 1,250 టికెట్లు ఇబ్బంది లేకుండా వస్తాయి. ఆగస్టు చివర విల్లా మిగతా 1,015 కట్టాక కూడా కాస్త మిగులుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ పొదుపు అక్కడి ఖర్చులకు. టికెట్ల ధర జూన్‌కు కొంత పెరగవచ్చు. పెరిగితే పెరగనివ్వండి, ఎగరలేని ఆరు టికెట్ల కంటే అది చవకే.

అడ్వాన్స్ ఎలా కట్టాలన్నది కూడా ముఖ్యమే. సున్నా వడ్డీ కార్డు అడిగారు. కార్డు వాడండి, కానీ వాయిదాల కోసం వద్దు, రక్షణ కోసం వాడి ఆ నెలలోనే పూర్తిగా తీర్చేయండి. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు పైన, 30,000 దాకా ధర ఉన్న సేవకు క్రెడిట్ కార్డుతో కొంత భాగం కట్టినా, సేవ అందకపోతే కార్డు కంపెనీని అడిగే హక్కు మీకు ఉంటుంది. ఒక మెలిక ఉంది: మీరు కట్టింది మధ్యవర్తి వెబ్‌సైటుకైతే, ఇల్లు ఇచ్చింది వేరొకరైతే, ఆ హక్కు నిలవకపోవచ్చు. అప్పుడు ఆ వెబ్‌సైటు సొంత వాపసు నియమాలే దిక్కు. యజమానినంటూ ఎవరైనా సగం ధరకిస్తాం, నేరుగా బ్యాంకుకు పంపండి అంటే అక్కడితో మాటలు ఆపేయండి. విల్లా నిజంగా ఉందో లేదో చూడటానికి ఒక ఆధారం ఉంది. 2025 జూలై 1 నుంచి స్పెయిన్‌లో ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే సెలవుల ఇళ్లకు జాతీయ రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి చేశారు, ప్రకటనలో అది కనిపించాలన్నారు. కానరీ దీవుల సొంత నంబరు వీవీ అక్షరాలతో ఉంటుంది. తర్వాత మీ పాస్‌పోర్టు వివరాలు అడిగితే మాత్రం కంగారు పడకండి, అతిథుల వివరాలు ప్రభుత్వానికి ఇవ్వడం అక్కడ చట్టం.

విల్లా, విమానం విడివిడిగా కొంటే అటాల్ (విమాన ప్యాకేజీలు కొన్నవాళ్ల డబ్బుకు బ్రిటన్‌లో ఉన్న రక్షణ పథకం) రక్షణ రాదు. అదే కంపెనీ రెండూ కలిపి ప్యాకేజీగా అమ్మి అటాల్ సర్టిఫికెట్ ఇస్తే, ఆ కంపెనీ మూతపడినా మీ డబ్బుకు రక్షణ ఉంటుంది. ధరలో తేడా 150 లోపు ఉంటే నేను ప్యాకేజీకే మొగ్గుతాను.

అక్కడ కార్డు గీకేటప్పుడు మిషన్ పౌండ్లా, యూరోలా అని అడుగుతుంది. ప్రతిసారీ యూరోలే నొక్కండి, విదేశీ రుసుము లేని కార్డుతో. విల్లాలో వంటిల్లు ఉంది కాబట్టి రోజుకు ఒక పూటైనా ఇంట్లో వండుకుంటే 600 సరిపోతుంది. దీనికి అత్తగారితో ముందే ఒక మాట చెప్పాలి: బ్రిటన్ నుంచి ఐరోపా సమాఖ్య దేశాలకు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా విమానాశ్రయంలోనే ఆగిపోతాయి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పొడులు, పప్పులు సర్దుకోండి.

టికెట్ల డబ్బులో టిమన్‌ఫాయా జాతీయ పార్కుకు మాత్రం కోత పెట్టకండి. టికెట్‌లోనే బస్సు ప్రయాణం ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిటికీ దగ్గర కూర్చునే లావా మైదానమంతా చూడవచ్చు. బస్సు దిగాక సిబ్బంది ఒక గోతిలోకి ఎండు కంపలు తోస్తారు, అగ్గిపుల్ల లేకుండానే నేల వేడికి అవి భగ్గున మండుతాయి. పక్కనే ఉన్న గొట్టంలో బకెట్ నీళ్లు పోస్తే క్షణాల్లో ఆవిరి స్తంభమై పైకి లేస్తుంది. మీ ఏడేళ్ల బాబు ఈత కొలను కంటే దీన్ని ఎక్కువ రోజులు చెప్పుకుంటాడు.

ఇంత చెప్పాక, మీరు చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన వీసా పొడిగింపు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బరువైనది అదే. ప్రస్తుత రేట్ల ప్రకారం ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి (ప్రభుత్వ వైద్య సేవ కోసం వీసాతో పాటు కట్టేది) పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మీ నలుగురికి మూడేళ్లకు 10,866, వీసా రుసుములు దానికి అదనం, అంతా ఒకేసారి కట్టాలి. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీ పడే మరో కంపెనీని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు ఇస్తారు. అందుకే మీ 6,000 మీద ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబం కంటే ఎక్కువ భారం ఉంది, దాన్ని విహారానికి ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ వారమే మీ వారు కంపెనీ హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా అడగాలి: సర్‌చార్జి ఎవరు కడతారు, భార్యాపిల్లలది కూడా కలుపుతారా, ఉద్యోగం మానితే వెనక్కి వసూలు చేస్తారా అని. అంతా వాళ్లే కడతామంటే పై ప్రణాళికతో ముందుకు వెళ్లండి. మీ వారిది మాత్రమే కట్టి కుటుంబానిది వదిలేస్తే లేదా అసలు కట్టమంటే, నెలకు 350 ఈ ఫిబ్రవరి నుంచే వీసా ఖాతాలోకి పోవాలి, లాంజరోటే పొడిగింపు అయ్యాకే. ఆ జవాబు చేతికి వచ్చేదాకా విల్లా అడ్వాన్స్ కట్టకండి.