రోడ్డుకు పోయే భూమి సరే, బోరూ కరెంటు పోళ్ల సంగతేంటి?

ప్రశ్న: ఎల్కతుర్తి దగ్గర మాకు రెండెకరాల పది గుంటలున్నది. నాలుగు లైన్ల రోడ్డుకు మొదట్ల భూములు తీసుకున్నప్పుడు మా సర్వే నంబరు రాలె. ఇప్పుడు మిగిలిపోయిన బిట్లు అని ఇంకో ప్రకటన ఇచ్చిన్రు, అందుల పద్దెనిమిది గుంటలు పోతున్నయి. బోరు ఆ పద్దెనిమిది గుంటల్లనే ఉన్నది. పాసుబుక్కు ఇంక మా నాయన పేరు మీదనే ఉన్నది, ఆయన చనిపోయి మూడేండ్లయింది. అమ్మ, నేను, తమ్ముడు, ఇద్దరు చెల్లెండ్లు ఉన్నం. మొన్న కరెంటోళ్లు వచ్చి లైను జరుపుతున్నం, మీకు మిగిలే చేన్ల నాలుగు పోళ్లు పడ్తయి, సంతకం పెట్టమన్నరు. పెట్టాల్నా? పైసలు రాకముందే జేసీబీ దిగితే ఏం చెయ్యాలె? మాకు కాలువ నీళ్లు కూడ రోడ్డు అవతలి నుంచే వస్తయి.
– ఓ రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో ఎకరాకు ఎంతిస్తారన్న మాట ఎక్కడా లేదు. మంచిదే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ధర దగ్గరే మొదలుపెట్టి ధర దగ్గరే ఆగిపోతారు. ధర తక్కువైతే తర్వాత కొట్లాడే దారి చట్టంలో ఉంది. అధికారులంతా కలిసి చేసే జాయింట్ సర్వే కాగితంలోకి ఎక్కని బోరు కోసం కొట్లాడటం మాత్రం చాలా కష్టం. ఎందుకంటే అప్పటికి చూపించడానికి అక్కడ బోరు ఉండదు, తారు ఉంటుంది.

మీరు చెప్పిన ప్రకటన 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3ఏ సెక్షన్ కింద వచ్చింది. ఈ భూమి రోడ్డుకు కావాలనుకుంటున్నాం అని కేంద్రం గెజిట్‌లో చెప్పడం అన్నమాట. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయివుండాలి. మీరు చూసింది పత్రికలోనే అయివుంటుంది. అభ్యంతరాలు చెప్పడానికి 3సీ సెక్షన్ ఇచ్చిన గడువు 21 రోజులు. ఆ 21 రోజులను గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. పత్రికలో పడేసరికి కొన్ని రోజులు గడిచిపోయి ఉంటాయి కాబట్టి, ఇది చదివిన మర్నాడే భూసేకరణ అధికారి కార్యాలయానికి వెళ్లండి. ఆ అధికారి ఎవరో, ఆర్డీవోనా అదనపు కలెక్టరా అన్నది ప్రకటనలోనే రాసి ఉంటుంది. అర్జీ ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

అభ్యంతరం అనగానే రోడ్డు వద్దని రాయాలని అనుకోకండి. నిజం చెప్పాలంటే రోడ్డును ఆపించిన అభ్యంతరాలు చాలా తక్కువ. బోరు ఇక్కడ ఉంది, కాలువ ఇలా వస్తోంది, మిగిలిన చేనుకు బాట ఉండదు అని సర్వే నంబరుతో సహా రాసిన అర్జీ ఫైల్లో ఉంటే ఆ తర్వాత మీరు ఏది అడిగినా దానికి అదే పునాది. విచారణకు స్వయంగానైనా వెళ్లొచ్చు, వకీలును పెట్టుకొనైనా వెళ్లొచ్చు.

ఇక మీ ఇంటి సంగతి. మీ కేసులో అన్నిటికంటే ముందు సరిచేసుకోవలసింది ఇదే. నాన్నగారు పోయి మూడేళ్లయినా విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పు, చేయించుకోలేదు. 3ఏ తర్వాత భూమిని తీసుకుంటున్నామని చెప్పే 3డీ ప్రకటన వచ్చిన రోజు నుంచి భూమి కేంద్రానిది అవుతుంది, ఆ ప్రకటనలో పేర్లు రికార్డులో ఎలా ఉంటే అలాగే వస్తాయి. చనిపోయిన మనిషి పేరు మీద అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, వస్తే డబ్బు మీ ఖాతాలో పడదు. 2018 ఏప్రిల్ నుంచి జాతీయ రహదారుల భూసేకరణ అంతా భూమిరాశి పోర్టల్ మీదే నడుస్తోంది, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకే వస్తుంది, కాబట్టి పేరులో అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. ఇప్పుడే రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ భూభారతిలో విరాసత్‌కు దరఖాస్తు పెట్టండి. 3డీ వచ్చేలోపు అది పూర్తి కాకపోయినా, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల వివరాలు జతచేసి భూసేకరణ అధికారికి ఒక అర్జీ ఇచ్చి ఉంచండి.

అమ్మ, మీరు, తమ్ముడు అని రాసి చెల్లెళ్లను వదిలేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఆ భూమి నాన్నగారు కొన్నదైనా, తాతల నాటిదైనా చెల్లెళ్లకు వాటా ఉంది. వాళ్లు వద్దంటే అది వాళ్లు రాసివ్వాలి, మీరు అనుకుంటే సరిపోదు. పంపకాల మీద ఎవరో ఒకరు అర్జీ పెడితే 3హెచ్(4) ప్రకారం ఆ తగాదాను అధికారి జిల్లా కోర్టుకు పంపాల్సి వస్తుంది, డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. రోడ్డు కింద పోయిన పద్దెనిమిది గుంటల కోసం అన్నాచెల్లెళ్లు ఏళ్లపాటు కోర్టు వరండాలో నిలబడటం నేను చూశాను. అందరూ ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టి, వాటాలు రాసి ఇవ్వండి.

జాయింట్ సర్వే రోజు ఇంట్లో ఒక్కరైనా చేను దగ్గరే ఉండాలి. సర్వేయర్, రెవెన్యూ వాళ్లు, రోడ్డు సంస్థ మనుషులు కలిసి వస్తారు. బోరు లోతు, కేసింగ్, మోటరు, భూమి లోపల వేసిన పైపులైను, చెట్లు, కంచె, షెడ్డు, నిలబడి ఉన్న పంట, అన్నీ చూపించి రాయించాలి. లోపలి పైపు పైకి కనబడదు కాబట్టి రాయకుండా పోతారు. బోరు బిల్లు పోయిందంటే ఫరవాలేదు, మోటరు కనెక్షన్ సర్వీస్ నంబరు, ఫోటోలు, పక్క రైతుల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. పంచనామా మీద సంతకం పెట్టేముందు చదవండి. ఏదైనా వదిలేస్తే "ఫలానాది రాయలేదు, అభ్యంతరంతో సంతకం" అని మీ చేత్తో రాసి పెట్టండి. ఖాళీ ఫారం మీద ఎంత తెలిసినవాళ్లు అడిగినా సంతకం వద్దు. కాపీ అప్పుడే అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

దీని మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారుల భూములకు కూడా పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కనే ఇస్తున్నారు. అందులో భూమి మార్కెట్ విలువను ప్రభుత్వం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, దానికి బోరు, చెట్లు, కట్టడాల విలువ కలుపుతారు. ఆ మొత్తానికి సమానంగా, అంటే నూటికి నూరు శాతం, సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) ఇస్తారు. మాటవరసకు మీ బోరు, మోటరు, పైపులు కలిపి లక్షన్నర విలువ కట్టారనుకుందాం. అవార్డులో అది మూడు లక్షలవుతుంది. సర్వే కాగితంలో రాయకపోతే పోయేదీ మూడు లక్షలే. దీనికి తోడు మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం కూడా వస్తుంది, 3ఏ ప్రకటన నుంచి అవార్డు వరకు లేదా స్వాధీనం వరకు, ఏది ముందైతే అంతవరకు. మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ ధర ఒక్కటే ఆధారం కాదు. చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. మీ దగ్గర అలాంటి దస్తావేజుల నకళ్లుంటే ఇప్పుడే దాఖలు చేయండి.

జేసీబీ గురించి. సర్వే కోసం చేలోకి రావడం, రాళ్లు పాతడం, కొలతలు తీయడం 3బీ కింద వాళ్ల హక్కు, దాన్ని అడ్డుకోకండి. చేను చదును చేయడం వేరే సంగతి. పరిహారం లెక్కతేలి, ఆ డబ్బు అధికారి దగ్గర జమ అయ్యాక, రాతపూర్వక నోటీసు ఇచ్చి 60 రోజుల గడువుతో స్వాధీనం అడగాలని 3ఈ చెబుతోంది. కాంట్రాక్టర్ మనుషులు "సారు చెప్పిండు" అంటే ఏ సారు, ఏ నోటీసు అని అడగండి. జవాబు లేకపోతే ఫోటోలు తీసి, అదేరోజు భూసేకరణ అధికారికీ రోడ్డు సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. 3ఏ ప్రకటన వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ 3ఏ ప్రకటనే చెల్లకుండా పోతుంది. కోర్టు స్టే ఉన్న కాలాన్ని అందులో కలపరు. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు పోళ్లు. మీకు వచ్చిన అసలు చిక్కు ఇక్కడుంది. రోడ్డు కోసం లైను జరిపే ఖర్చు రోడ్డు సంస్థదే, పని మాత్రం మన ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పర్యవేక్షణలో జరుగుతుంది. లైను రోడ్డుకు సేకరించిన స్థలం అంచునే పోతే మీకు పేచీ లేదు. మీకు మిగిలే చేలోకి వస్తే ఆ భూమిని రోడ్డుకు తీసుకోలేదన్న మాట గుర్తుపెట్టుకోండి. రోడ్డు ప్రకటన చూపించి అక్కడ పోలు వేయడం కుదరదు. 2003 విద్యుత్ చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల ప్రకారం లైసెన్సీ, అంటే కరెంటు సంస్థ, మీ ముందస్తు అంగీకారం తీసుకోవాలి. మీరు కాదంటే జిల్లా మేజిస్ట్రేట్ లేదా పోలీస్ కమిషనర్ లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన మరో అధికారి అనుమతి తెచ్చుకోవాలి, పరిహారమో ఏటా అద్దెనో అక్కడే నిర్ణయిస్తారు. మాకు అదే చట్టం 164వ సెక్షన్ కింద ప్రత్యేక అధికారం ఉంది, అంగీకారం అక్కర్లేదని కొన్నిసార్లు అంటారు. అలాంటి ఉత్తర్వు ఉంటే ఆ మాట నిజమే, కాని అప్పుడు కూడా జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వక తప్పదు. కాబట్టి ఏ అధికారం కింద వేస్తున్నారో ఆ ఉత్తర్వు నకలు ఇమ్మని కరెంటు ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) రాతపూర్వకంగా అడగండి, అది చూశాకే సంతకం గురించి ఆలోచించండి.

అసలు పోలు వద్దేవద్దని భీష్మించుకోమని నేను చెప్పను. మీ బోర్లకు కరెంటు వచ్చేది ఆ లైను మీదనే. ఇక్కడ బేరం ఆడాల్సింది పోలు ఎక్కడ పాతాలన్న దాని మీద. చేను మధ్యలో కాకుండా ఒడ్డు వెంబడి రావాలని, తీగ ఎత్తు హార్వెస్టర్ పోయేంత ఉండాలని, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎక్కడికి మారుస్తారో ముందే చూపించాలని అడగండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న రైతులంతా సర్వీస్ నంబర్లతో ఒకే అర్జీ ఇస్తే ఎస్టిమేట్ వేసేటప్పుడే మీ మాట అందులో చేరుతుంది. ఎస్టిమేట్ మంజూరయ్యాక కదిలించడం కష్టం. మిగిలిన చేలో కొత్త బోరు వేస్తే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, తర్వాత సర్వీసు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. పాత బోరు పడగొట్టే తేదీకీ కొత్త కనెక్షన్ వచ్చే తేదీకీ మధ్య ఒక పంట ఎండిపోయే ప్రమాదం ఉంది. కనెక్షన్ మారేదాకా పాత బోరు ఉంచమని 3సీ అర్జీలోనే రాయండి.

ఈ చిక్కులన్నిటికీ మూలం ఒకటే. భూమి కొలిచేవాళ్లు ఒకరోజు వస్తారు, కరెంటు వాళ్లు మరో నెలలో వస్తారు, మిషన్ భగీరథ పైపు వాళ్లు ఇంకెప్పుడో. 2023 జూలై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన పనుల్లో కరీంనగర్–వరంగల్ 68 కిలోమీటర్ల విస్తరణ, నాగపూర్–విజయవాడ కారిడార్‌లోని మంచిర్యాల–వరంగల్ 108 కిలోమీటర్లు ఉన్నాయి. మొదటిదాంట్లో పాత రోడ్డు పక్కనే పోళ్లు, పైపులు, దుకాణాలు ఉంటాయి, రెండోది పొలాలను రెండుగా చీల్చుకుంటూ పోయే కొత్త దారి. రెండింటి ఇబ్బందులూ వేరు, కాని జాయింట్ సర్వే రోజే కరెంటు ఏఈ, నీటిపారుదల ఏఈ, భగీరథ ఇంజనీరు చేను గట్టు మీదికి వస్తే సగం కేసులు పుట్టనే పుట్టవు. గ్రామ పంచాయతీ తీర్మానం చేసి కలెక్టర్‌ను ఇలా ఉమ్మడి సర్వే అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మీ ఊళ్లో ఇంకా సర్వే కాలేదు కాబట్టి మీకు ఆ వీలుంది.

కాలువ నీళ్లకు రోడ్డు కింద తూము పెట్టాలి. ఇప్పుడున్న పంట కాలువ ఫోటో, ఆయకట్టు వివరాలతో నీటిపారుదల శాఖకూ ప్రాజెక్టు డైరెక్టర్‌కూ కలిపి అర్జీ ఇవ్వండి. రోడ్డు మట్టం పైకి లేచాక వాననీరు మీ చేలో నిలిచే అవకాశం ఉంటే అదీ రాయండి. భూమి ముక్కలవడం వల్ల, మిగిలిన భూమికి నష్టం జరగడం వల్ల పరిహారం అడిగే హక్కు 3జీ(7)లోనే ఉంది, చాలామంది అడగరు. బాట విషయం కూడా అంతే. కొత్త రోడ్డు మీ చేను పక్కనుంచి పోతున్నంత మాత్రాన ట్రాక్టర్ నేరుగా ఎక్కించే హక్కు రాదు, జాతీయ రహదారి మీదికి దారి తీసుకోవడానికి 2002 నాటి వేరే చట్టం కింద అనుమతి కావాలి.

అవార్డు వచ్చాక మొత్తం తక్కువనిపిస్తే డబ్బు వదిలేయకండి. "అభ్యంతరంతో తీసుకుంటున్నాం" అని రాసి తీసుకుని, 3జీ(5) కింద కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ముందుకు వెళ్లండి. సాధారణంగా ఆ ఆర్బిట్రేటర్ జిల్లా కలెక్టరే. కింది అధికారి కట్టిన ధరను పై అధికారే తూచే ఈ పద్ధతి నాకు నచ్చదు, అయినా ఆ మెట్టు ఎక్కకుండా పైకి పోలేం. అక్కడ ఎక్కువ వస్తే స్వాధీనం తేదీ నుంచి ఆ తేడా మీద 9 శాతం వడ్డీ ఉంటుంది. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే తీర్పు కాపీ అందిన మూడు నెలల్లో జిల్లా కోర్టుకు వెళ్లాలి. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు దొరుకుతాయి, అంతకు మించి ఒక్కరోజు కూడా దొరకదు.

వచ్చే పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు, 2013 చట్టం 96వ సెక్షన్ ఆ మినహాయింపు ఇచ్చింది. బ్యాంకులోనో కార్యాలయంలోనో టీడీఎస్ పట్టుకుంటామంటే ఆ సెక్షన్ పేరు చెప్పి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.