పెన్‌డ్రైవ్‌లో వచ్చిన స్క్రీన్ రీడర్

ప్రశ్న: సర్, నాకు చూపు లేదు. హన్మకొండలో బీటెక్ చదువుతున్నాను. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పైథాన్ ప్రోగ్రాములు రాస్తుంటే ఇండెంటేషన్ (లైను మొదట్లో వదిలే ఖాళీ) తప్పుతోంది. అప్‌డేట్ తర్వాత కోడ్ రాసే ఎడిటర్‌లో కొన్ని ఐకాన్లు ఉత్త ‘బటన్’ అనే వినిపిస్తున్నాయి. సీనియర్ ఒకాయన ఖరీదైన స్క్రీన్ రీడర్‌కి క్రాక్ వెర్షన్ (లైసెన్స్ తాళం విరగ్గొట్టిన కాపీ) పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. వేసుకోనా?

జవాబు: వద్దు. ముందు ఆ పెన్‌డ్రైవ్ ఆయనకు తిరిగిచ్చేయండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. స్క్రీన్ రీడర్ మీరు నొక్కే ప్రతి కీనీ పట్టుకుంటుంది, తెర మీది ప్రతి అక్షరాన్నీ చదువుతుంది. అది చేయకపోతే దానికి పనే లేదు. అలాంటిదాన్ని ఎవరో విప్పి మళ్లీ కుట్టి ఇస్తే మీ మెయిల్ పాస్‌వర్డ్, మీ కోడ్ దాచుకునే గిట్‌హబ్ తాళంచెవి (టోకెన్), నెట్ బ్యాంకింగ్ అన్నీ వాడి చేతిలో పెట్టినట్టే. పైగా చాలా క్రాక్‌లు ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అంటాయి. ఎందుకు ఆపమంటున్నాయో ఒక్కసారి ఆలోచించరా?

ఉచితంగా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉండగా ఈ టెన్షన్ ఎందుకు? చూపులేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు, అదీ మీరు రాసే పైథాన్‌లోనే. దానికి తగిలించుకునే యాడ్-ఆన్‌లను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లోంచి తీసుకోకండి. వాటికీ కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉంటుంది. ఎన్‌వీడీఏలోనే ఉన్న స్టోర్ నుంచి, అదీ అవసరమైనవే వేసుకోండి.

ఇండెంటేషన్‌కి: ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌కి వెళ్లి లైన్ ఇండెంటేషన్‌కి ‘టోన్స్’ పెట్టండి. లైను లోపలికి జరిగేకొద్దీ బీప్ శ్రుతి పెరుగుతుంది. ‘నాలుగు స్పేస్, ఎనిమిది స్పేస్’ అని ఇండెంటేషన్ మారినప్పుడల్లా వినే బాధ తప్పుతుంది.

మీ ఎడిటర్ వీఎస్ కోడ్ అయితే పేరులేని బటన్ల కోసం వెతక్కండి. ఎఫ్1 నొక్కి కావలసిన కమాండ్ పేరు టైప్ చేయండి. ఎఫ్8 తర్వాతి ఎర్రర్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆల్ట్+ఎఫ్1 సాయం చూపిస్తుంది.

నా కోపమంతా ఆ బటన్ల మీదే. ఐకాన్ గీయడానికి వారాలు పడుతుంది, దానికి పేరు రాయడానికి ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను రాయని వాళ్లే ‘కొత్త రూపం’ అని అప్‌డేట్‌కి ఊరేగింపు చేస్తారు. ఉద్యోగాల ఆన్‌లైన్ పరీక్షలు ఇంకా ఘోరం: కొన్నింటిలో కోడ్ రాసే పెట్టెలోకి స్క్రీన్ రీడర్ వెళ్లనే వెళ్లదు. ప్రోగ్రామింగ్ రాక కాదు, పెట్టె దొరక్క ఫెయిల్. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. రేపు మడికొండ ఐటీ పార్కు కంపెనీ మీ కాలేజీకి వచ్చినా, ఇంకెవరు వచ్చినా, ‘మీ పరీక్ష ఎన్‌వీడీఏతో నడుస్తుందా, డెమో లింక్ పంపండి’ అని ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా ముందే మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పే ‘అంతా ఓకే’ని లెక్కలోకి తీసుకోకండి.