ఆరు చుక్కల నల్ల పురుగును చంపకండి

ప్రశ్న: మా శనక్కాయ చేను అడవికి ఆనుకుని ఉంది. సాయంత్రం గట్టు మీద బొటనవేలంత నల్ల పురుగులు పరుగెడుతున్నాయి. వీపు మీద తెల్ల చుక్కలున్నాయి. ఒకదాన్ని పట్టుకోబోతే చేతి మీద మంట పుట్టేలా ఏదో చిమ్మింది. వేరు పురుగు తల్లి ఇదేనా? ఏ మందు కొట్టాలి? ఫొటో పంపుతున్నాను.
– ఒక రైతు, కడప జిల్లా

జవాబు: దయచేసి మందు కొట్టకండి. అది వేరు పురుగు (మొక్కల వేళ్లు కొరికే పిల్ల పురుగు) తల్లి కాదు, పురుగుల్ని వేటాడి తినే నేల పెంకు పురుగు. శాస్త్రీయ నామం అంథియా సెక్స్‌గుట్టాటా. లాటిన్‌లో ‘ఆరు చుక్కలది’ అని అర్థం. దక్షిణ భారతంలోని ఎండు అడవుల్లో, పొదల్లో కనిపిస్తుంది.

మీ ఫొటోలో చుక్కలు లెక్కపెట్టాను. తల వెనకున్న మెడ పెంకు మీద రెండు, రెక్కల పెంకుల మీద నాలుగు. ఒళ్లంతా నలుపు, పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, కాళ్లు పొడుగ్గా, కోరల్లాంటి దవడలు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంకేమీ అనుమానం లేదు.

చుక్కలు సరిగా కనిపించకపోతే మీసాలు చూడండి. దీనివి దారంలా సన్నగా సాగి ఉంటాయి. వేరు పురుగు తల్లి మీసాల చివర చిన్న రేకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. అది గోధుమ రంగులో ఉంటుంది, సైజులో ఇందులో సగమే. తొలకరి పడ్డాక రాత్రుళ్లు ఎగిరి వచ్చి వేప, రేగు ఆకులు కొరుకుతుంది. ఆరు చుక్కలది అసలు ఎగరలేదు, రెక్కల పెంకులు అతుక్కుపోయి ఉంటాయి. కాబట్టి లైటు చుట్టూ తిరిగే పురుగు ఏదైనా సరే, ఇది కాదు.

ఎగరలేదు గనకే నాకు బెంగ. గట్టు మీద విషపు పొడి చల్లి వీటిని చంపేస్తే, అడవి నుంచి మళ్లీ నడుచుకుంటూ రావాలి. అంతవరకూ మీకు ఆ కాపలా ఉండదు.

చిమ్మింది ఫార్మిక్ ఆమ్లం, చీమల్లో ఉండేదే. చేతితో పట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి.

వేరు పురుగు మీద అనుమానం ఉంటే వాడిన మొక్క కింద తవ్వండి. తెల్లగా, కొక్కెంలా ముడుచుకున్న పిల్ల పురుగు (లార్వా) దొరికితే ఫొటో తీసి పంపండి. దానికి ఏం చేయాలో అప్పుడు చెబుతాను.