ఉభాలకు రాని వాన పనల మీద కురిసింది

"శ్రీకాకుళం జిల్లాలో వర్షపాతం చాలా ఏళ్లలో ఇంచుమించు సాధారణమనే ప్రకటిస్తున్నారు కదా, మరి వరి రైతులు వాతావరణం వల్ల నష్టపోతున్నామని ఎందుకంటారు?" అని అడిగారు. వంశధార ఎడమ కాలువ శివారులో, టెక్కలి వైపు, రెండెకరాలు సొంతానికీ మూడెకరాలు కౌలుకూ చేస్తున్నవాణ్ని కనుక చెబుతున్నాను. కురిసిన మిల్లీమీటర్లన్నీ కూడితే లెక్క సరిపోవచ్చు గానీ, వరిచేను ఆ కూడిక చూసి పండదు. దానికి అదును కావాలి.

2023 సంగతే తీసుకోండి. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. జూన్ చివర పోసిన స్వర్ణ నారు (ఎక్కువ రోజులు పట్టే వరి రకం) ఆకుమడిలోనే ముదిరిపోయింది. గొట్టా బ్యారేజీ నుంచి వదిలిన నీరు ఎగువ మడులన్నీ తడిపి మా శివారుకు చేరేసరికి సెప్టెంబరు వచ్చింది. ఆగస్టు నడిమికే ముగియవలసిన ఉభాలు, అంటే వరి నాట్లు, వినాయక చవితి ముందు గానీ పూర్తికాలేదు. నవంబరు చివర కోసి, పనలు మడిలోనే ఆరవేశాం. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందంటే, ఎక్కడి బాపట్ల, ఎక్కడి టెక్కలి అనుకున్నాం. మర్నాటికి మా పనలు నీళ్లలో నానుతున్నాయి.

వాన తెరిపిచ్చాక ఒక పన ఎత్తి వెన్ను విదిలిస్తే, గింజ మొన దగ్గర ఆవగింజంత తెల్లటి మొలక కనిపించింది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక ఆగుతుంది. మందు కొట్టే ట్యాంకు 16 లీటర్లది, అంటే ట్యాంకుకు 800 గ్రాముల ఉప్పు. ఊరంతా అదే పనిలో ఉండడంతో కిరాణా కొట్టులో ఉప్పు మధ్యాహ్నానికే అయిపోయింది; టెక్కలి వెళ్లి తెచ్చుకున్నాను. తడిసిన పనలను గట్ల మీదికి మోసి, తిరగేసి, రెండు వైపులా కొడుతుంటే మా అమ్మ, "ఉబాలప్పుడు దండాలెట్టినా రానేదు, కుప్పలేసే యేళకి పిలవకుండానే వొచ్చేసింది, సూడు బాబూ" అంది. ఉప్పు గడ్డి పశువులు ముట్టవేమో అని కూడా ఆమె బెంగపడింది గానీ, అవి ఆ గడ్డినే ముందు మేశాయి.

మొలక ఆగినా గింజ రంగు మారింది. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. 80 కిలోల బస్తాకు 1,746 పైచిలుకు రావాలి. తేమ 17 శాతం లోపు ఉండాలన్నారని ఐదు రోజులు తారు రోడ్డు మీద ఆరబోసి, రాత్రిళ్లు కాపలా పడుకుని, చివరికి దళారికి బస్తా 1,350కి ఇచ్చేశాను. రోడ్డు మీద ధాన్యం పోస్తే ప్రమాదమని మందలించేవారే గానీ, ఊరికో సిమెంటు కళ్లం కట్టించాలనేవారు నాకు తగల్లేదు. కోతకు ముందే చేలో చల్లుకోవలసిన పెసలకు కూడా అదును దాటిపోవడంతో, పప్పు సైతం ఆ ఏడాది కొనుక్కునే తిన్నాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు మా చేను ఈనిక మీద, అంటే వెన్ను తీసే దశలో ఉంది. వారం తిరగకుండా వెన్నులు తెల్లబడి తాలు మిగిలింది. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడిమామిడి అందరి కళ్లకూ కనిపించాయి. దూరం నుంచి చూసేవారికి తాలుచేను కూడా పంటచేనులాగే ఉంటుంది మరి.

నా దృష్టిలో దీనికున్న దారి ఒక్కటే. జూలై రెండో వారానికి కాలువ మీద నమ్మకం కుదరకపోతే, ఉభాల ఆశ వదులుకుని, 120 రోజుల ఎంటీయూ 1010 వంటి వరి రకాన్ని నారు పోయకుండా నేరుగా పొడి దుక్కిలో ఎద చల్లుకోవాలి. కలుపు ఎక్కువవుతుంది, అక్టోబరు గాలికి దీనికీ పూచీ లేదు, అయినా నవంబరు నడిమికి గింజ ఇంటికి చేరుతుంది. నా రెండెకరాల్లో ఇప్పుడు అదే చేస్తున్నాను. కౌలు భూమిలో మాత్రం ఆ వీలు లేదు. ఆసామిగారు విశాఖపట్నంలో ఉంటారు, వారింట్లో స్వర్ణ బియ్యమే అలవాటు, కౌలు ఆ గింజలుగానే కొలవాలి. అందువల్ల ఆ మూడెకరాల్లో ఇప్పటికీ జూన్ చివర స్వర్ణ నారే పోస్తున్నాను.