బెట్టింగ్ యాప్ ప్రచారంతో పోయిన పేరు: పీఆర్ సంస్థ చెప్పిన ప్యాకేజీ తీసుకోవాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, చదివే మిగతావారికీ అర్థమవుతుంది. మీ అన్నయ్య గుంటూరు నుంచి వెళ్లి టీవీ హాస్య కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న నటుడు. కొంతకాలం ఒక బెట్టింగ్ యాప్ కోసం రీల్స్ చేశారు. ఇప్పుడు ఏ వీడియో పెట్టినా కింద తిట్లే. సంక్రాంతికి రావలసిన సినిమా నిర్మాత ఫోను ఎత్తడం తగ్గించారు. హైదరాబాద్‌లోని ఒక పీఆర్ సంస్థ మూడు నెలల ప్యాకేజీ చెప్పింది: ఆసుపత్రిలో పళ్ల పంపిణీ, అనాథాశ్రమంలో పుట్టినరోజు, రెండు యూట్యూబ్ ఇంటర్వ్యూలు, వాటి కింద మంచి కామెంట్లు. తీసుకోవాలా, వద్దా?

ఆ రూపంలో అయితే వద్దు. నేను విజయవాడ గాంధీనగర్‌లో సినిమా ప్రచారం పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. అంతకుముందు ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో పనిచేశాను. ప్రెస్ నోట్లు రాశాను, ఇతరులు రాసిన ప్రెస్ నోట్లను బుట్టలోనూ వేశాను. పళ్ల పంపిణీ ఫొటో వస్తే డెస్కులో ఎలా నవ్వుకుంటారో మీకు తెలియదు. ఒక్క అరటిపండును ఎనిమిది మంది పట్టుకుని ఉంటారు, మంచం మీది రోగి తప్ప అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. మామూలు రోజుల్లో దానికి లోపలి పేజీలో కాస్త చోటు దొరుకుతుంది. వివాదంలో ఉన్న మనిషి ఆ ఫొటోలో కనిపిస్తే అదే ఫొటో మళ్లీ ట్రోలింగ్‌కు ముడిసరుకు అవుతుంది.

‘అన్నయ్య పేరు పోయింది’ అని రాశారు. ఎవరి దగ్గర పోయింది? మొదట తేలాల్సింది ఇదే. ఒక పూట కూర్చుని కామెంట్లు ఓపికగా చదవండి. తిట్టేవాళ్లందరూ ఒక్కటి కాదని తెలుస్తుంది. కొందరు ఆ యాప్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, లేదా వాళ్ల ఇంట్లోవాళ్లు. వాళ్ల మాటల్లో పోయిన మొత్తం ఉంటుంది, ఏ నెలలో పోయిందో ఉంటుంది, ‘అన్నా, నిన్ను చూసే డబ్బు వేశాను’ అని ఉంటుంది. ఎక్కువమంది తమాషా చూడడానికి వచ్చినవాళ్లు. ఇంకొందరు వేరే నటుల అభిమానులు, పాత కక్షలున్నవాళ్లు. పీఆర్ ప్యాకేజీలన్నీ ఆ తమాషా చూసేవాళ్ల కోసమే తయారవుతాయి. సంఖ్యలో వాళ్లే ఎక్కువ కాబట్టి నెలాఖరు నివేదికలో గ్రాఫు కదిలేదీ వాళ్ల వల్లే. నిజానికి వాళ్లు ఇంకో గొడవ దొరగ్గానే అటు వెళ్లిపోతారు. ప్రతి కొత్త వీడియో కింద, ప్రతి ట్రైలర్ కింద ఏళ్ల తరబడి తిరిగి వచ్చి రాసేది మాత్రం నష్టపోయినవాళ్లే. మీ అన్నయ్య జవాబు చెప్పుకోవలసింది వాళ్లకు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల కిందట నేను ప్రచారం చూసిన ఒక కళాకారుడు గుంటూరులో ఒక కళాశాల వార్షికోత్సవంలో నర్సుల మీద వెకిలి జోకు వేశాడు. ఎవరో ఫోనులో తీశారు, రాత్రికి రాత్రి ఊరంతా చూసింది. అప్పుడు కూడా హైదరాబాద్ నుంచే ఒక పీఆర్ సంస్థ ప్రకటన పంపింది: ‘నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి.’ మన వాళ్లందరికీ కంఠతా వచ్చిన వాక్యం. ఎవరిని బాధపెట్టాడు, ఏ మాట తప్పు, ఇక ఏమి చేస్తాడు అన్నవి మూడూ అందులో లేవు. అతను దాన్ని కెమెరా ముందు చదివాడు. మరునాడు కలెక్టరేట్ ఎదుట ధర్నా.

అప్పుడు అతన్ని నర్సుల సంఘం కార్యాలయానికి తీసుకువెళ్లాం. కెమెరా లేదు. వెంట వస్తామన్న యూట్యూబ్ చానల్ వాళ్లను కింద టీ కొట్టు దగ్గరే ఆపేశాం. లోపల గంటకు పైగా చీవాట్లు. కోవిడ్ వార్డులో పనిచేసిన ఒకావిడ, ఆ వీడియో బడిలో పిల్లలు చూసి తన కొడుకును ఏడిపించిన సంగతి చెప్పింది. అతను ఏదో అనబోతే నేను మోకాలి మీద చేయి వేసి ఆపాను. వినడానికి వచ్చినవాడు వివరణ మొదలుపెడితే వచ్చిన పని చెడుతుంది. చివరికి వాళ్లు అడిగినవి: ఆ స్కిట్ ఇక ఎక్కడా వేయకూడదు, అతని చానల్లో ఉన్న అలాంటి వీడియోలు తీసేయాలి, అదే కళాశాలలో అదే విద్యార్థుల ముందు నిలబడి తప్పని చెప్పాలి. అన్నీ చేశాడు. మేము ప్రెస్ నోట్ ఇవ్వలేదు. సంఘం వాళ్లే విలేకరులకు చెప్పారు, జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. అది పనిచేసింది. ‘ఇంతటితో వదిలేస్తున్నాం’ అన్న మాట అనాల్సినవాళ్ల నోటి నుంచి వచ్చింది మరి.

పీఆర్ సంస్థ వాళ్లు మీకు ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ ఉదాహరణ తప్పకుండా చెప్పి ఉంటారు. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో బంతిని గీకి పాడుచేయబోయిన వ్యవహారంలో అతనిపై ఏడాది నిషేధం పడింది, ఆ ఏటి ఐపీఎల్ కూడా పోయింది. 2019లో సన్‌రైజర్స్‌కు తిరిగి వచ్చి 692 పరుగులతో టోర్నీలో అందరికంటే ముందు నిలిచాడు. 2020 లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలతో తెలుగు పాటలకు స్టెప్పులు వేసి మన ఇంటి మనిషైపోయాడు. ఇంతవరకే చెబుతారు. కానీ వార్నర్ మనకు చేసిన అపకారం ఏముంది, మనం క్షమించడానికి? ఆస్ట్రేలియాలో అతని నాయకత్వంపై ఉన్న జీవితకాల నిషేధాన్ని ఎత్తేసింది 2024 అక్టోబరులో. అక్కడ తెలుగు పాటలు పనిచేయలేదు.

ఇంకో ఉదాహరణ నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. 2019 జనవరిలో క్రికెటర్లు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ పాల్గొన్న ఒక టీవీ కార్యక్రమంలో మహిళల గురించి వచ్చిన మాటలపై దుమారం రేగింది. క్రికెట్ బోర్డులో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఇద్దరికీ చెరి 20 లక్షల రూపాయల జరిమానా వేశారు. అందులో సగం విధుల్లో మరణించిన పది మంది పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు లక్ష చొప్పున, మిగతా సగం అంధుల క్రికెట్‌కు. రెండూ మంచి పనులే. మరి నొచ్చుకున్న ఆడవాళ్లకూ దానికీ సంబంధం ఏమిటి? మీ పీఆర్ సంస్థ చెప్పిన అనాథాశ్రమం పుట్టినరోజు కూడా ఇలాంటిదే. యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న కుర్రవాడికి ఆ కేకుతో పని లేదు.

ఇక మీ అన్నయ్య సంగతికి వద్దాం. పీఆర్ కంటే ముందు న్యాయవాది. ఈ వరుస మార్చవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే నిషేధించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన ప్రముఖుడికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు, ఏడాది నుంచి మూడేళ్ల వరకు ప్రకటనలు చేయకుండా ఆపవచ్చు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు ఆటలకు ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా రాసి ఉన్నాయి. ఆయన రీల్స్ ఏ తేదీల్లో వచ్చాయి, ఏ చట్టం వర్తిస్తుంది అన్నది వకీలు చూడాలి. ఒప్పందం కాగితం, వాట్సాప్ సంభాషణలు, బ్యాంకు జమలు, వచ్చిన స్క్రిప్టు అన్నీ ఒక చోట పెట్టి ఆయనకు ఇవ్వండి. వీడియోలు తీసేయాలి, కానీ ప్రతులు దాచి, వకీలుకు చెప్పి తీయాలి. రాత్రికి రాత్రి మాయం చేస్తే సాక్ష్యం చెరిపేశాడన్న కొత్త మచ్చ వస్తుంది, స్క్రీన్ రికార్డింగులు ఎలాగూ జనం దగ్గర ఉంటాయి.

వకీలు ‘నోరు మెదపవద్దు’ అంటాడు, పీఆర్ వాళ్లు ‘ఈ రోజే వీడియో పెట్టండి’ అంటారు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. రెండు రోజుల మౌనం వల్ల కొంప మునగదు. ఆ రెండు రోజుల్లో, వీడియోలో చెప్పబోయే నాలుగు వాక్యాలు వకీలు చదివి సరేననాలి.

ఆ వీడియో ఎలా ఉండాలో చెబుతాను. నేపథ్య సంగీతం వద్దు, అమ్మ కన్నీళ్లు వద్దు, పేద కుటుంబం నుంచి వచ్చానన్న కథ వద్దు. ‘నాకు తెలియదు’ అన్న మాట అసలే వద్దు. ప్రకటన చేసే ముందు సరుకు గురించి తెలుసుకోవడం ప్రముఖుల బాధ్యత అని ప్రకటనలపై కేంద్రం ఇచ్చిన 2022 జూన్ మార్గదర్శకాల్లో ఉంది కాబట్టి ‘తెలియదు’ అంటే తప్పించుకోవడం కాదు, ఒప్పుకోవడం. చెప్పవలసింది ఇది: ఏ యాప్‌కు ఎంతకాలం ప్రచారం చేశాను, దాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారికి క్షమాపణ చెబుతున్నాను, వచ్చిన పారితోషికాన్ని ఇలా ఖర్చు చేస్తున్నాను, ఇక డబ్బు ఆటల ప్రకటన చేయను. రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీగా పెట్టవద్దు, అది 24 గంటల్లో పోతుంది. నెలల పాటు రీల్‌గా తిరిగిన ప్రకటనకు ఒక్కరోజులో మాయమయ్యే క్షమాపణ పెడితే ఎవరైనా నవ్వుతారు. పేజీ పైన స్థిరంగా కనిపించేలా పెట్టండి.

ఇంకొకటి. ఈ యాప్‌ల ప్రచారంలో గెలుపు కనిపించేలా డెమో ఖాతాలు ఇచ్చే పద్ధతి ఉంది. మీ అన్నయ్య రీల్‌లో వేలు గెలిచినట్లు చూపించిన తెర నిజమైనదేనా? కాకపోతే, వకీలు ఒప్పుకుంటే, ఆ మాయ ఎలా తయారైందో ఆయనే చూపించాలి. ఇంకో కుర్రవాణ్ని ఆపగలిగేది అదే. నష్టపోయినవారికి ఇంతకంటే దగ్గరి ప్రాయశ్చిత్తం నాకు తోచలేదు. పారితోషికం ముఖ్యమంత్రి సహాయనిధికి చెక్కుగా ఇచ్చి ఫొటో దిగే ఆలోచన ఉంటే మానుకోండి. జూదం అలవాటు నుంచి బయటపడేయడానికి పనిచేసే కౌన్సెలింగ్ కేంద్రం ఏదైనా చూసుకోండి. వీడియో చివర మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416, సైబర్ మోసాల సహాయ కేంద్రం 1930 నంబర్లు తెరపై వేయండి.

ఇప్పుడు మన ఊళ్ల ప్రత్యేకత. విజయవాడ, గుంటూరుల్లో ఏ గొడవైనా మూడో రోజుకు కులం రంగు, పార్టీ రంగు పులుముకుంటుంది. ‘మనవాణ్ని తొక్కుతున్నారు’ అంటూ ఎవరో ఒక నాయకుడు ఫోను చేస్తాడు, కుల సంఘం పేరుతో ఖండన ప్రకటన వస్తుంది. కష్టంలో ఉన్న మనిషికి అది తీయగా వినిపిస్తుంది. తీసుకోకండి. ఆ క్షణం నుంచి డబ్బు పోగొట్టుకున్నవాడు వెనక్కి పోతాడు, ముందుకు రెండు వర్గాలు వస్తాయి, మీ అన్నయ్య వాటికి జెండా అవుతాడు. వర్గాల మధ్య చిక్కిన పేరును బాగుచేయడం ఏ పీఆర్ సంస్థ వల్లా కాదు, నేను చూసినంతలో ఎవరికీ సాధ్యపడలేదు. ఫోను చేసిన నాయకుడికి మర్యాదగా కృతజ్ఞత చెప్పి, ప్రకటన మాత్రం ఇవ్వవద్దని బతిమాలండి. అభిమానుల వాట్సాప్ గ్రూపులకు కూడా ఆయనే స్వయంగా గొంతు రికార్డు చేసి పంపాలి: నా తరఫున ఎవరినీ తిట్టవద్దు అని.

‘వీడియో తీసేస్తాం, ఇంత ఇవ్వండి’ అని ఫోను చేసే చానళ్లు కూడా ఉంటాయి. ఒక్కరికి ఇచ్చారని తెలిస్తే తెల్లారేసరికి పది మంది వస్తారు. ఇవ్వకండి, ఆ కాల్ వివరాలు వకీలుకు ఇవ్వండి. అలాగని ప్రతి చానల్‌కూ పరువునష్టం నోటీసులు పంపడమూ తెలివి కాదు. 2003లో అమెరికా గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన ఇల్లు కనిపిస్తున్న ఒక ఫొటో మీద 5 కోట్ల డాలర్లకు దావా వేసింది. దావాకు ముందు ఆ ఫొటోను దింపుకున్నది ఆరుసార్లు, అందులో రెండు ఆమె వకీళ్లవే. దావా వార్త వచ్చాక నెలలో నాలుగు లక్షల మందికి పైగా చూశారు. పచ్చి అబద్ధం చెప్పినవాళ్లకు మాత్రమే నోటీసు పంపండి. చెప్పింది నిజమై, చెప్పిన తీరు మాత్రం వెటకారంగా ఉంటే వదిలేయండి.

కొనుక్కున్న కామెంట్ల గురించి ఎక్కువ చెప్పను. ముఖం లేని ఖాతాల నుంచి వరసగా ‘సూపర్ అన్నా’ అని వస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

అయితే పీఆర్ సంస్థ అసలే వద్దా? అవసరమే, వేరే పనికి. రోజూ ఏ చానల్లో ఏమి వస్తోందో గమనించడానికి, విలేకరుల ఫోన్లకు ఒకే మనిషి ఒకే జవాబు చెప్పడానికి, తప్పుడు వార్తను గంటలో ఖండించడానికి. ఇంతవరకు నెలకు ఇంత అని మాట్లాడుకోండి, మూడు నెలలకు ముందే డబ్బు కట్టకండి. యూట్యూబ్ ఇంటర్వ్యూలు ఇప్పుడు వద్దు. అడిగేవాడికి కావలసింది థంబ్‌నెయిల్, మీ అన్నయ్య కళ్లు చెమ్మగిల్లిన క్షణం దొరికితే దానికే ఎర్ర బాణం గీస్తాడు.

నిర్మాత విషయంలో దాగుడుమూతలు ఆడకండి. ఆయన ఫోను ఎత్తకపోతే ఆఫీసుకు వెళ్లి, వకీలు చెప్పింది, పెట్టబోయే వీడియో, వచ్చే రెండు నెలల ప్రణాళిక ముందు పెట్టండి. పోస్టరు మీద బొమ్మ చిన్నది చేస్తామన్నా, ప్రచార వీడియోల్లో లేకుండా చేస్తామన్నా ఒప్పుకోండి. ఆయన డబ్బు పెట్టాడు, భయపడే హక్కు ఉంది. విజయవాడలో ప్రీ రిలీజ్ వేడుక జరిగితే మీ అన్నయ్య వెళ్లాలి, రెండో వరుసలో కూర్చోవాలి, యాంకర్ పిలిచినా మైకులో హాస్యం చేయకూడదు. విలేకరి బెట్టింగ్ యాప్ సంగతి అడిగితే, ‘తప్పు చేశాను, వివరం నా పేజీలో పెట్టాను, ఈ రోజు సినిమా వాళ్లది’ అని చెప్పి కూర్చోవాలి. అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. మళ్లీ అదే చెప్పమనండి.