అమ్మడుకి, చిరునామాలోని శాతం గుర్తు గురించి

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి పాడేరు వైపు కొండ ఊళ్లలోని బడులకు వీడియో పాఠాల ఏర్పాటు చేసే పనికి పూనుకున్నావని, ప్రతి తరగతి గదికీ తెలుగులోనే కాలింగ్ చిరునామా పెట్టబోతున్నావని నిన్న ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తూ మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందా అని సంతోషించాను. కాళీమాత గుడి దాటేసరికి మాత్రం గుండెల్లో రాయి పడింది. జీతం గురించి కాదు, అది మీ నాన్న చూసుకుంటాడు. నా బెంగంతా ఆ చిరునామాల గురించే.

నీకు తెలిసిన సంగతులు ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. సిప్ అంటే ఇంటర్నెట్‌లో కాల్ కలపడానికి వాడే పద్ధతి. సిప్ చిరునామాలో ఎట్ (@) గుర్తుకు ఎడమవైపు పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు వేరువేరు. కుడివైపు ఆ తేడా లేదు. ఎడమవైపు హ్యాష్ (#) రాయాలంటే %23 అని, ఖాళీ ఉంటే %20 అని, పేరులోనే ఎట్ గుర్తు ఉంటే %40 అని రాయాలి. గుర్తును ఇలా శాతం గుర్తుతో మార్చి రాయడమే ఎన్‌కోడ్ చేయడం, తిరిగి మామూలు గుర్తుగా మార్చడమే విప్పడం. కుడివైపు డొమైన్‌లో ఈ శాతం గుర్తుల పద్ధతి చెల్లదు. భారత్ అని తెలుగులో ముగిసే డొమైన్ తీసుకుంటే దాన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే రాసే ప్యూనీకోడ్‌లోకి, అంటే ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే రూపంలోకి మార్చి ఇవ్వాలి.

తెలుగు అక్షరాల దగ్గర కొంచెం ఆగాలి. కంప్యూటరు అక్షరాలను బైట్లుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. నువ్వు 'రా' అని రాస్తే ర ఒకటి, దీర్ఘం ఒకటి కలిసి చిరునామాలో పద్దెనిమిది గుర్తులవుతాయి. పొడవును భరించవచ్చు, కంటికి కనిపించనిదే ప్రమాదం. 'మ్యాథ్స్' అని ఒక టీచరు ఫోనులో కొడితే చివరి పొల్లు తరువాత వెడల్పు లేని విడదీత గుర్తు ఒకటి చేరవచ్చు, ఇంకొకరు కంప్యూటరులో కొడితే చేరకపోవచ్చు. తెర మీద రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కాల్ కలిపే సర్వరుకు మాత్రం అవి రెండు వేర్వేరు గదులు. అందుకే నా మాట విని, డయల్ చేసే చిరునామాను చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే ఉంచు. తెలుగు పేరును తెర మీద కనిపించే పేరుగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. 2002లో వచ్చిన సిప్ నియమాలే అక్కడ యూటీఎఫ్-8ను నేరుగా అనుమతించాయి. పిల్లలకు తెలుగే కనిపిస్తుంది, నీకు నిద్ర పడుతుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ పెద్దమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

హుద్‌హుద్ వచ్చిన మరుసటి ఏడాది సంగతి. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరిని ఊడ్చేశాక నెలల తరబడి ఏది ఆగినా 'లైను పోయింది' అనడం మాకందరికీ అలవాటైపోయింది. ఆ రోజుల్లో నేను నగరంలోని ఒక ఆసుపత్రి నుంచి ఏజెన్సీలోని ఒక చిన్న వైద్యశాలకు వారానికి ఒకసారి వీడియో కాల్ నడిపించేవాణ్ణి. గదులకు పేర్లు పెట్టింది నేనే. తెలివి చూపిద్దామని గది సంఖ్యకు హ్యాష్ తగిలించి '204#1', '204#2' అని పెట్టాను. నగరంలో డాక్టర్లు డయల్ చేయడానికి ఒక వెబ్ పేజీ కూడా రాశాను. అందులో హ్యాష్‌ను %23గా మార్చాను. ఆ పేజీ వాడుకునే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రాము కూడా తనంతట తానే ఎన్‌కోడ్ చేస్తుందని చూసుకోలేదు. అది నా శాతం గుర్తునే మళ్లీ మార్చి %25 చేసింది. దాంతో 204%231 కావలసినది 204%25231గా సర్వరుకు చేరింది. సర్వరు దాన్ని ఒక్కసారి విప్పి, '204%231' అనే పేరున్న గది కోసం వెతికి, లేదని 404 చెప్పింది.

అప్పటికి రాత్రి పది దాటింది, మర్నాడు ఉదయమే కాల్ ఉంది. అదనపు ఎన్‌కోడింగ్ ఎక్కడ జరిగిందో వెతికే ఓపిక లేక, సర్వరులో గది పేరునే '204%231' అని మార్చేశాను. నగరం నుంచి కాల్ కలిసింది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వెళ్లి పడుకున్నాను.

మర్నాడు కొండ మీది వీసీ యూనిట్, అంటే వీడియో కాల్ పరికరం నుంచి స్టాఫ్ నర్సు డయల్ చేసింది. ఆ యూనిట్ పద్ధతిగా ఒక్కసారే ఎన్‌కోడ్ చేసి పంపింది. సర్వరు దాన్ని విప్పి '204#1' కోసం చూసింది. రాత్రి ఆ పేరు తీసేసింది నేనే కదా. కిటికీ బయట వాన పడుతోంది. సర్వరు రాసుకునే చిట్టా, అంటే లాగ్ నేను తెరవనైనా లేదు, లైను పోయిందని తేల్చేశాను. ఆమె చేత యూనిట్‌ను నాలుగుసార్లు ఆపించి పెట్టించాను. మా కుర్రవాడికి కొత్త రౌటరు ఇచ్చి ఆ వానలో ఘాట్ రోడ్డు మీదుగా పంపించాను. మధ్యలో ఆమె నెమ్మదిగా, "లైను పోతే చాలాసేపు తిరుగుతూ ఉంటుంది కదండీ సార్, ఇది కొట్టీకొట్టగానే లేదని చెబుతోంది" అంది. "నువ్వు చెప్పింది చెయ్యమ్మా చాలు" అని ఫోను పెట్టేశాను.

ఆమె చెప్పిందే నిజం. 404 అంటే అవతల సర్వరు ఉంది, మన పిలుపు అందుకుంది, వెతికింది, ఆ పేరు లేదని జవాబు కూడా ఇచ్చింది అని అర్థం. జవాబే రాకుండా గడువు తీరితే 408 వస్తుంది. లైనును అనుమానించవలసింది అప్పుడు. ఇంజనీరునైన నాకు తట్టనిది, తెరను కాస్త శ్రద్ధగా చూసిన ఆమెకు తట్టింది. ఆ రోజు చూపించుకోవడానికి వచ్చిన ఒక తల్లి, ఒంటిగంట బస్సు తప్పితే మళ్లీ బస్సు లేదని బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయిందట. మా కుర్రవాడు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. అంతవరకు మీ పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది, నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అందుచేత కాల్ కలవకపోతే ముందు నాలుగు చోట్ల చిరునామాను కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకో: మనిషి కొట్టినది, పేజీ పంపినది, సర్వరుకు చేరిన ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే సందేశం) మొదటి వరుసలో ఉన్నది, సర్వరులో నమోదైనది. ఇన్వైట్‌లో కింద 'టు' అనే వరుస చక్కగా కనిపించినా దాన్ని నమ్మకు, సర్వరు దారి వెతికేది మొదటి వరుసను బట్టి. ఎక్కడైనా %25 వెంటనే ఇంకో రెండు గుర్తులు కనిపిస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందని ముందు అనుమానించు. ఎన్‌కోడింగ్‌ను ఒక్కచోటే, పంపే ముందు చివరి మెట్టులోనే చేయించు. సర్వరులో పేరు మార్చి సరిపెట్టాలని రాత్రి పూట నీకు తప్పకుండా అనిపిస్తుంది; ఆ క్షణాన కంప్యూటరు మూసి పడుకో. ఈ మాట సలహా అనుకోకు, నా ఆజ్ఞ అనుకో.

ఇంకొకటి, టీచర్ల ఫోన్ నంబర్లను +91తో లింకుల్లో పెడతావు కాబోలు. సిప్‌లో కూడిక గుర్తు కూడిక గుర్తే. అదే నంబరు వెబ్ లింకులో ప్రశ్న గుర్తు తరువాతి భాగంలో వెళ్తే మాత్రం చాలా ప్రోగ్రాములు ఆ గుర్తును ఖాళీగా చదువుతాయి. అక్కడ శాతం గుర్తు, 2, పెద్దబడి బి కలిపి రాయాలి. అలాగే హ్యాష్‌ను విప్పి లింకులో ఉంచితే బ్రౌజరు దాని తరువాతిది సర్వరుకు పంపనే పంపదు.

వానాకాలంలో సాయంత్రం నాలుగు దాటాక ఘాట్ ఎక్కవద్దు. ఏ బడిలో ఆయమ్మ అయినా 'ఇది వేరేలా ఉందమ్మా' అంటే ఫోను పెట్టకుండా పూర్తిగా విను. గదుల చిరునామాల జాబితా ఆదివారం మీ నాన్న చేతికిచ్చి పంపు, కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క గుర్తూ చూస్తాను. వాటిలో ఎక్కడైనా హ్యాష్ పెట్టి ఉంటే నాకు చూపించకముందే కొట్టేయి.

మీ పెదనాన్న