కంప్యూటర్ సందేహాలు: తేదీలు వాటంతట అవే నిండాలంటే

ప్రశ్న: మా కుట్టు కేంద్రంలో పన్నెండు మంది పనిచేస్తున్నారు. వారి హాజరు పట్టీని ఎక్సెల్‌లో రాస్తున్నాను. మొదటి తేదీ కొట్టి, గడి మూలనున్న చిన్న చదరాన్ని పట్టుకుని కిందికి లాగితే ఆదివారాలు కూడా వచ్చేస్తున్నాయి. ‘ఫిల్ వీక్‌డేస్’ ఎంచుకుంటే ఆదివారాలతో పాటు శనివారాలు కూడా పోతున్నాయి. మాకు శనివారం పని ఉంటుంది. ప్రతి నెలా చేత్తో దిద్దుకోవలసిందేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దిద్దుకోనక్కరలేదు. అయితే ముందుగా ఒక విషయం తెలుసుకుంటే మిగిలినదంతా సులువవుతుంది. గడిలో మనకు తేదీగా కనిపించేది ఎక్సెల్ లెక్కలో ఒక సంఖ్య మాత్రమే. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అక్కడి నుంచి రోజులను లెక్కిస్తుంది కాబట్టి, 2026 జనవరి 1 దానికి 46023. తేదీ ఉన్న గడి ఫార్మాట్‌ను ‘జనరల్’కు మార్చి చూస్తే ఈ సంఖ్యే కనిపిస్తుంది. (లీపు సంవత్సరం కాని 1900కు కూడా ఈ లెక్కలో ఫిబ్రవరి 29 ఉంది! లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాములోని పొరపాటును, దానితో పొత్తు కుదరడం కోసం, తెలిసే అలాగే ఉంచేశారు.) మీరు కిందికి లాగినప్పుడు ఆ సంఖ్యకు ఒకటి చొప్పున కలుస్తుంది, అంతే. ఆదివారమేదో దానికి మనం చెప్పాలి.

‘వీక్‌డేస్’ శని, ఆదివారాలు రెండూ సెలవులుగా ఉండే కార్యాలయాలకు తగినది. మీకు కావలసిన సూత్రం ‘వర్క్‌డే.ఇంటిల్’, టైపు చేసేటప్పుడు వర్క్‌డే అనే పదం, చుక్క, ఆపై ఐ, ఎన్, టి, ఎల్ అనే ఇంగ్లిషు అక్షరాలు కొట్టాలి. మొదటి పనిదినాన్ని ఏ2 గడిలో చేత్తో రాసి, ఏ3లో =వర్క్‌డే.ఇంటిల్(ఏ2, 1, 11) అని ఇచ్చి కిందికి లాగండి. ఇందులో 1 అంటే తరువాతి పనిదినం, 11 అంటే వారంలో ఆదివారం ఒక్కటే సెలవు. మంగళవారం మూసివేసే దుకాణమైతే 11కు బదులు 13, శుక్రవారమైతే 16 వేసుకోవాలి.

పండుగ సెలవులను కూడా తప్పించవచ్చు. సంక్రాంతి, గణతంత్ర దినోత్సవం వంటి మీ కేంద్రం సెలవు తేదీలన్నింటినీ పక్కన ఒక నిలువు వరుసలో, ఉదాహరణకు హెచ్2 నుంచి హెచ్15 వరకు, రాసిపెట్టుకుని, సూత్రంలో 11 తరువాత కామా పెట్టి ఆ వరుసను చూపండి. చూపిన వెంటనే ఎఫ్4 మీట నొక్కితే డాలరు గుర్తులు పడతాయి. అవి లేకపోతే కిందికి లాగినకొద్దీ సెలవుల జాబితా కూడా జారిపోతుంది. ఇలా చేసిన పట్టీలో 2026 జనవరి 24 శనివారం తరువాత నేరుగా 27 మంగళవారం వస్తుంది, ఎందుకంటే 25 ఆదివారం, 26 గణతంత్ర దినోత్సవం. తేదీకి బదులు 46024 వంటి సంఖ్య కనిపిస్తే కంగారు పడకండి, ఫార్మాట్‌ను ‘డేట్’కు మారిస్తే సరిపోతుంది.

ప్రశ్న: జనవరి 31న మొదలైన అప్పుకు నెలనెలా వాయిదా తేదీలు వేయడానికి ‘ఈడేట్’ సూత్రం వాడాను. ఫిబ్రవరి 28 సరిగానే వచ్చింది కానీ, ఆ తరువాత ప్రతి నెలా 28నే చూపుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు ప్రతి గడిలోనూ పై గడికి ఒక నెల కలుపుతున్నారు. ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి అది 28కి తగ్గింది. మార్చి గడికి తెలిసినది ఆ 28 మాత్రమే. అసలు తేదీ 31 అన్న సంగతి దానికి అందలేదు. అందువల్ల ఎప్పుడూ మొదటి గడి నుంచే లెక్కించాలి. వాయిదా సంఖ్యలు 1, 2, 3 అని బి వరుసలో బి3 నుంచి వేసుకుని, ఏ3లో =ఈడేట్($ఏ$2, బి3) అని రాసి లాగితే ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 సక్రమంగా వస్తాయి. సూత్రం అక్కరలేదనుకుంటే మొదటి తేదీని లాగి, పక్కన వచ్చే చిన్న పెట్టెలో ‘ఫిల్ మంత్స్’ ఎంచుకున్నా ఇదే ఫలితం. అయితే అప్పు మొదలైన తేదీ మారితే సూత్రం తానే సర్దుకుంటుంది, లాగినది సర్దుకోదు. వడ్డీ లెక్కలకు నేను సూత్రాన్నే సూచిస్తాను.

ప్రశ్న: 13/02/2026 అని కొట్టి లాగితే రోజు పెరగకుండా సంవత్సరం పెరుగుతోంది!
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: మీ కంప్యూటర్‌లో నెల ముందు, రోజు తరువాత రాసే అమెరికా పద్ధతి ఉన్నట్టుంది. పదమూడో నెల లేదు కాబట్టి అది మీ తేదీని తేదీగా కాక మామూలు రాతగా తీసుకుంది. రాత చివర అంకె ఉంటే, లాగినప్పుడు ఆ అంకెనే పెంచుతుంది. తేదీ గడిలో కుడివైపు కాక ఎడమవైపు అతుక్కుని ఉండటం దీనికి గుర్తు. ఇంతకన్నా ప్రమాదకరమైనది 05/02/2026. అది ఏ అభ్యంతరమూ లేకుండా మే 2గా నమోదవుతుంది, చూసేవారికి తప్పు కనిపించదు. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాంతీయ పద్ధతిని ఇండియాకు మార్చుకోండి. ఇప్పటికే రాతగా పడినవాటిని ‘డేటా’ విభాగంలోని ‘టెక్స్ట్ టు కాలమ్స్’ మూడో మెట్టులో రోజు, నెల, సంవత్సరం క్రమాన్ని ఎంచుకుని సరిచేయవచ్చు. తారుమారుగా నమోదైన తేదీలను మాత్రం మూల కాగితాలతో పోల్చి చేత్తోనే మార్చాలి.